మీసాల బ్రాకెట్లు

ప్రొద్దుటూరులో బంగారంగళ్ల సందు, మేడమీది గది.
కింద తూకాలు. పైన నేను,
మునెయ్య సారు ముప్పైయేండ్ల సమీక్షలకు
చివరి పుటల్లో పట్టిక కడతా ఉన్నా.

"ఇసకపాయ" పత్రికలో సారు
దొరికిన పుస్తకమల్లా చదివి రాసినాడు.
నూటా ఎనభై రెండు.
సగానికి తలకట్టే లేదు.
"ఈ నెల వచ్చిన పుస్తకం" అని మొదలుపెట్టి
తిట్టాల్సింది తిట్టి, వెల ఎంతో రాసి,
కొన్నిట్లో సంతకం కూడా మర్చిపోయినాడు.

సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు.
పేరులేని దానికి పేరేదంటాది.
రాసిందెవరంటాది.
ఏ రాత సామీ?
పుస్తకం రాసినాయనా, దాని గురించి రాసినాయనా?
ఇద్దరూ ఒకే వాకిట్లో నిలబడితే
ముందెవరికి పీట వేయాల?

కుళ్ళాయప్ప లెక్చరర్ నియమాల కాగితం పంపినాడు.
సమీక్షకుడు ముందు, పుస్తకం వెనక,
పుస్తకం పేరు వాల్చి.
వాల్చి చూసినా.
మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి గదా,
కుండల బండి గుంతలో పడినట్టు
"సద్దిమూట లెక్కలు" ఒక పక్కకు ఒరిగిపోయింది.
తిరగా నిలబెట్టి, రోంత లావు చేసినా.

ఇంటిపేరు వెనక ఉంటాదని దానికెవరో చెప్పినారు.
వనిపెంట మునెయ్యను
మునెయ్య, వనిపెంట అని తిప్పి
నడుమ ఒక కామా పెట్టింది,
మనిషికీ ఊరికీ మధ్య గడియ వేసినట్టు.
హుసేనమ్మ ఇంటిపేరు రాసుకోలేదు,
ఆ ఖాళీ గడి నన్ను ఎర్రగా చూస్తా ఉంది.
తలారి పెద్దక్క "పెద్దక్క, త." అయింది.
ఆ త ఏమిటో రేపు చదివేవాళ్లకు ఎవరు చెప్తారు?

రెండు రాత్రులు వెతికి కిటుకు పట్టినా.
పేరు చుట్టూ రెండు జతల మీసాల బ్రాకెట్లు పెడితే
అది ముట్టుకోదు. ఎట్లున్న పేరు అట్లనే దిగుతాది.
కూర్చోని అందరికీ మీసాలు తిప్పినా,
హుసేనమ్మకూ, పెద్దక్కకూ.
ఒక్క మీసం మూయడం మర్చిపోతే
పుస్తకమంతా అక్కడే నిలబడిపోతాది,
కరెంటు పోయిన నూనెమిల్లు మాదిరి.

ప్రచురణకర్త అనే గడిలో
ఎక్కువసార్లు రచయిత పేరే వేసినా.
గొర్రెలమ్మి ఒకాయన, చీటీ ఎత్తి ఒకామె.
సారు ప్రతిసారీ చివర్న రాసేవాడు:
ప్రతులకు, రచయిత, చౌకడిపో వెనక, జమ్మలమడుగు.
నియమాల కాగితంలో దానికి చోటు లేదు.
"గమనిక" గడిలో దూర్చినా.
ఆ చౌకడిపో ఇప్పుడు ఉందో లేదో. ఉండనీ.

నూటా ముప్పై నాలుగో దాని దగ్గర చెయ్యి ఆగింది.
"మూడో చాలు వాన", కథలు, 1999, పుటలు 96, వెల 30.
"కథలు బాగుండాయి. అచ్చుతప్పులు బియ్యంలో బెడ్డల మాదిరి.
పదిహేడో పుటలో పంట పెంట అయింది.
కూర్చిన మనిషికి కండ్లున్నాయా?"

ఆ కండ్లు నావే.
అప్పుడు పంతొమ్మిదేండ్లు నాకు.
రాత్రి రెండింటికి, తూగుతా,
పంట నెత్తిన ఒక ఎత్వం తగిలించినా.
సారు ఇంటిపేరులోనే ఒక పెంట ఉంది.
అందుకే చప్పున కండ్లబడిందేమో.

తీసేయొచ్చు.
సారు లేడు. కుళ్ళాయప్ప అంత లోతుకు చూడడు.
నూటా ఎనభై ఒకటుంటే ఎవరు లెక్కపెడతారు?
టీ చల్లారిపోయింది.
కింద అంగళ్లకు షట్టర్లు దించుతా ఉన్నారు.

ఈ గళ్లలో రచయిత ఉన్నాడు, సమీక్షకుడు ఉన్నాడు,
సంపాదకుడు, అనువాదకుడు,
ముందుమాట రాసినాయన కూడా ఉన్నాడు.
అక్షరాలు కూర్చినోడికి గడి లేదు.
పాతికేండ్లలో నా పని మీద
అచ్చులో పడిన మాట ఇదొక్కటే.

రెండు పక్కలా మీసాలు మూసినా.
పంటను పంటగా, పెంటను పెంటగా
సారు రాసినట్టే,
మూడుసార్లు చూసి మరీ దించినా.